ఫిషింగ్ హార్బర్ షికారు బోటు గుర్తున్నవాళ్ళు ఉన్నారా? మా తాత మొదలెట్టింది

హార్బర్_గుంటడు
అందరికీ నమస్తే. ఎన్నాళ్ళనించో రాద్దామనుకుంటున్నా. వైజాగ్‌లో 80ల్లో 90ల్లో పెరిగినవాళ్ళకి కొంతమందికైనా గుర్తుండాలి, ఫిషింగ్ హార్బర్ జెట్టీ చివర నీలంరంగు చెక్కబోటు, మెట్ల పక్కన స్టూలు మీద ఒక ముసలావిడ ఒళ్ళో డాల్డా డబ్బా పెట్టుకుని కూర్చునేది. ఆవిడ మా మామ్మ. బోటు మాది. ఆదివారాలు, పండగ సెలవుల్లో జనాన్ని ఎక్కించుకుని డాల్ఫిన్ నోస్ కొండ వైపు తిప్పి తీసుకొచ్చేవాళ్ళం.

నాన్నకి ఇప్పుడు 74. ఈమధ్య ఒంట్లో బాగోక ఇంట్లోనే ఉంటున్నారు, పొద్దస్తమానం ఆ బోటు కబుర్లే. నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా, సగం మాకే తెలీని సంగతులు. మా దగ్గర బోటు ఫొటో ఒక్కటి కూడా లేదు, హుద్‌హుద్ తుఫానుకి ఇంట్లో నీళ్ళొచ్చి ఆల్బమ్‌లన్నీ పోయాయి. ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

ముందు తాత సంగతి చెప్తా. తాతది జాలరిపేట. తెప్ప మీద వేట. అన్నదమ్ములకి ఉమ్మడిగా ఒక పెద్ద పడవ ఉండేది, పలకల్ని మేకుల్లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన పడవ, ఇంగ్లీషువాళ్ళు మాసులా బోటు అని రాసేవోళ్ళు. మేకులు కొడితే కెరటం దెబ్బకి చెక్క చీలిపోద్ది, కుట్టిందైతే వంగి మళ్ళీ సర్దుకుంటది. 1933లో పోర్టు తెరవకముందు ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేసేవి కదా, సరుకైనా మనిషైనా ఒడ్డుకి రావాలంటే ఈ పడవలే దిక్కు. మా తాతవాళ్ళ నాన్న చేసింది ఆ పనే. అంటే తెలీని మనుషుల్ని కెరటాలు దాటించడం మా ఇంట్లో షికారు కంటే ముందునించీ ఉంది, నాన్న ఈ మాట నాలుగుసార్లు చెప్పి రాసుకోమన్నారు.

60ల్లో ఒక ఆదివారం యూనివర్సిటీ కుర్రాళ్ళు నలుగురైదుగురు బీచ్‌కొచ్చి మమ్మల్ని కూడా లోపలికి తీసుకెళ్తావా అని అడిగారంట. తాత మనిషికి అర్ధరూపాయి తీసుకుని తిప్పి తెచ్చాడు. పై ఆదివారం పదిమంది వచ్చారు. అలా మొదలైంది. కెరటాల్లోంచి పడవ తొయ్యడంలో తాత లెక్క ఒకటుండేది, "మూడు పెద్దవి ఒగ్గెయ్యి, నాలుగోదాని ఎనకాల తొయ్యి" అని. నాలుగోది నిజంగా చిన్నదొస్తేనే. రాకపోతే ఆ రోజు షికారు లేదు, డబ్బులు తిరిగిచ్చేసేవాడు.

మిగతాది మళ్ళీ రాస్తా, నాన్నకి మందుల టైమయింది.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్
అయ్యో ఆ మామ్మగారు గుర్తులేకపోవడమేంటండీ!! డబ్బాలో చింతపిక్కలు. ఎక్కేటప్పుడు మనిషికొక పిక్క చేతిలో పెట్టేవారు, దిగాక మళ్ళీ డబ్బాలో వెయ్యాలి. మేం ఐదుగురం వెళ్తే డబ్బాలో మూడే ఉన్నాయి ఓసారి. మా నాన్నగారు రైల్వేలో చేసేవారు, కాస్త గట్టిగానే మాట్లాడే మనిషి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోపెట్టుకుంటాం ఎక్కించండి అన్నారు. ఆవిడ డబ్బా వంచి చూపించి "పిక్కల్లేవు నాయినా, ఒచ్చిన బోటుకెల్దురు గాని, కూకోండి" అన్నారు అంతే. ఎండలో ముప్పావుగంట కూర్చున్నాం, ఆవిడే మాకు మజ్జిగ తెప్పించి ఇచ్చారు.

ఇంకోటి చెప్పాలి. నేను ఆ రోజు దిగాక పిక్క జేబులో వేసుకుని వచ్చేశా, ఏడేళ్ళుంటాయేమో నాకు. ఆవిడ ఆటోస్టాండ్ దాకా పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుని మొహం చూసి "ఉన్నావా బాబూ" అన్నారు. పిక్క అడుగుతారనుకుని భయపడి తీసి ఇచ్చాను. ఆవిడ పిక్క కోసం రాలేదని పెద్దయ్యాక గానీ తెలీలేదు.

హార్బర్_గుంటడు
మీ మెసేజ్ నాన్నకి చదివి వినిపించాను అండీ. రెండుసార్లు చదివించుకున్నారు.

అవును, 24 పిక్కలు. బోటులో బెంచీల మీద 24 మందికే చోటు, కాబట్టి డబ్బాలో 24 మించి ఉండవు. మామ్మకి చదువు రాదు, టికెట్ పుస్తకం చిన్నాన్న చూసేవాడు, కానీ లెక్క మాత్రం మామ్మదే. తిరిగొచ్చాక 24 పడితేనే స్టూలు మీంచి లేచేది. చంటిపిల్లలకి కూడా పిక్క ఉండాల్సిందే, ఒళ్ళో ఉన్నా సరే ఒక ప్రాణమే కదా అనేది.

రిటైర్డ్_షిప్‌యార్డ్
బాబూ, చాలా మంచి పని చేస్తున్నావు. నేను షిప్‌యార్డ్‌లో 34 ఏళ్ళు చేశాను. మా నాన్నగారు కూడా అక్కడే, 1948లో నెహ్రూగారు వచ్చి జల ఉష ఓడని నీళ్ళలోకి దింపిన రోజు ఆయన కుర్రాడిగా అక్కడున్నారు. ఓడల గురించి ఈ ఊళ్ళో రాసినవాళ్ళున్నారు, చిన్న బోట్ల గురించి రాసినవాళ్ళు తక్కువ. అందుకని అడుగుతున్నాను: బోటు ఎక్కడ కట్టించారు? కర్రేంటి? ఇంజినేంటి? ఎంత పొడుగు? ఇవన్నీ నాన్నగారు ఉండగానే రాసుకో.

హార్బర్_గుంటడు
సర్ మీలాంటివాళ్ళు అడగాలనే రాస్తున్నా. నాన్న పక్కనే కూర్చుని చెప్తుంటే టైప్ చేస్తున్నా, కాస్త అటూఇటూ ఉంటే క్షమించండి.

షికారుకే అని విడిగా తీసుకున్న మొదటిది సెకండ్‌హ్యాండ్ పాబ్లో బోటు, 1979లో. మీకు తెలుసు కదా అప్పట్లో హార్బర్‌లో మరబోట్లని పాబ్లో, రొయ్య, సొర, సోనా అని రకాలుగా పిలిచేవాళ్ళం, పాబ్లో అన్నిటికంటే చిన్నది. తాత వద్దన్నాడంట, మనం వలలేసుకునేవాళ్ళం బాడుగ బోటు మనకెందుకురా అని. నాన్న, చిన్నాన్న పట్టుబట్టి మామ్మ పుస్తెలతాడు కుదవపెట్టి కొన్నారు. వలల సామాను అంతా తీసేసి బెంచీలు కొట్టించారు. తొమ్మిదేళ్ళు నడిచింది.

మీరంతా చూసిన నీలంబోటు 1988లో తాళ్ళరేవులో కట్టించింది. కాకినాడ అవతల, అక్కడ తరాలనించీ చెక్కపడవలు కట్టే వడ్రంగులున్నారు. 34 అడుగులు. పలకలు టేకు, లోపలి వంపు చట్రాలకి తుమ్మ, వంపు తిరిగిన తుమ్మకొమ్మ కోసం మేస్త్రి ఊళ్ళు తిరిగి చెట్టు చెట్టూ చూసి ఎంచుకునేవాడంట ఎందుకంటే కోసి వంచిన కర్ర కంటే పుట్టుకతోనే వంగినదానికి బలం ఎక్కువ. కాగితం మీద ప్లాను లేదు. మేస్త్రి దగ్గర ముడులేసిన తాడొకటి ఉండేది, అదే కొలత. నాన్న నాలుగు నెలలు అక్కడే ఉండి చూశారు. ఇంజిను అశోక్ లేలాండ్, పాత లారీది తెచ్చి మార్చి పెట్టారు.

ప్రతి సంవత్సరం వానాకాలంలో ఒడ్డుకి లాగి పని చేసేవాళ్ళం. అది నేను కూడా చేశాను. పలకల సందుల్లో పాత దూది గోకి తీసి, కొత్తగా పేనిన దూదివత్తిని ఉలిలాంటి మొద్దు ఇనుముతో కొట్టి కూరేవాళ్ళం. టక్ టక్ అని మోత మొద్దుగా వస్తున్నంతసేపు ఇంకా ఖాళీ ఉన్నట్టు, ఖంగుమని మోగితే సందు నిండినట్టు. చిన్నాన్న కళ్ళు మూసుకుని పక్కన కూర్చుని మోత విని ఇక్కడ ఇంకో వత్తి అని చెప్పేవాడు. తర్వాత గుగ్గిలం నూనెలో కాచి వేడివేడిగా పూత. ఆ వాసన ఇంటికొచ్చినా వారం పొయ్యేది కాదు, స్కూల్లో నా పక్కన కూర్చున్నవాడు అడిగేవాడు ఏం వాసనరా అని. ఇప్పటికీ గుడిలో గుగ్గిలం పొగ వస్తే నాకు బోటే గుర్తొస్తుంది.

రిటైర్డ్_షిప్‌యార్డ్
మోత విని చెప్పడం, ఆహా. మాకు ఉక్కు ప్లేటు మీద సుత్తి కొట్టి విని చెప్పే పెద్దమేస్త్రి ఒకాయన ఉండేవారు. ఒకటే విద్య.

లీడ్స్_నుంచి
నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నా, ఊరు మన కంచరపాలెం. ఈ థ్రెడ్ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. ఇక్కడ తూర్పు తీరంలో బ్రిడ్లింగ్‌టన్ అని చిన్న ఊరుంది, అక్కడ యార్క్‌షైర్ బెల్ అనే షికారు బోటు 1947లో కట్టింది ఇప్పటికీ తిరుగుతోంది. అదే పేరుతో అంతకుముందు ఇంకోటి ఉండేదంట, రెండో ప్రపంచయుద్ధంలో మైన్ తగిలి మునిగిపోయింది. మేం పిల్లల్ని తీసుకుని వెళ్ళాం, ఫ్లాంబరో కొండల పక్కనుంచి తిప్పుతారు, కొండ నిండా తెల్లతెల్లగా సముద్రపక్షులు, వేలకివేలు. మా ఆవిడ డాల్ఫిన్ నోస్ లాగే ఉందండీ అంది.

నాకు నచ్చిందేంటంటే బోటులో దాని చరిత్ర ఫొటోలతో పెట్టారు. ఎవరు కట్టారు, ఏ సంవత్సరం, అన్నీ. ఇక్కడ 12 మంది ప్రయాణికులు దాటితే బోటుకి రూల్సే వేరు, పెద్ద తనిఖీలుంటాయి. అయినా 75 ఏళ్ళు దాటిన బోటు తిరుగుతోందంటే రూల్సూ బోటూ కలిసి బతకొచ్చన్నమాట. మన నీలంబోటు మాత్రం ఎందుకు ఆగిపోయింది? అది కూడా రాయండి.

సేఫ్టీ_ముఖ్యం
చదవడానికి బాగుంది, నాక్కూడా కళ్ళు చెమర్చాయి, కానీ ఒక మాట అడుగుతా ఏమీ అనుకోవద్దు. పిక్కలు లెక్కపెట్టడం మంచిదే. లైఫ్ జాకెట్లు ఉండేవా? 2017లో కృష్ణా ఫెర్రీ దగ్గర, 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర షికారు బోట్లు మునిగి ఏం జరిగిందో చూశాం కదా. మా దగ్గరి బంధువుల కుటుంబం ఒకటి గోదావరి షికారుకెళ్ళి... వద్దులెండి. నాకు ఈ పాత బోట్లని మరీ మురిపెంగా చూడటం అంటే భయం.

హార్బర్_గుంటడు
మీరు అడిగింది న్యాయమే అండీ. మీ ఇంట్లో జరిగినదానికి ఏం చెప్పాలో నాకు తెలీట్లేదు. నాన్నని అడిగి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

మొదట్లో జాకెట్లు లేవు. నాలుగు లారీ ట్యూబులు, తాడు, అంతే. 1996 డిసెంబర్‌లో ఒక ఆదివారం బంకులో పోయించిన డీజిల్లో నీళ్ళు కలిశాయి, బోటు హార్బర్ రాళ్ళగోడ దాటి బైటకొచ్చాక ఇంజిను ఆగిపోయింది. 24 మంది. మధ్యాహ్నం గాలి లేచే టైము. చిన్నాన్న లంగరేశాడు, అది పట్టేదాకా బోటు రాళ్ళగోడ వైపే జరిగిందంట. నాన్న జనాన్నందర్నీ బెంచీల మీంచి దింపి అడుగున కూర్చోపెట్టారు, ఒకవైపుకి లేవకుండా. బోటు తిరగబడేది నీళ్ళొచ్చి కాదు, భయపడి జనం అంతా ఒక పక్కకి లేస్తే. 40 నిముషాల తర్వాత వేటనించి వస్తున్న సోనాబోటు చూసి తాడేసి లాక్కొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. నేను జెట్టీ మీద మామ్మ పక్కనున్నా. ఖాళీ డబ్బా రెండుచేతుల్తో పట్టుకుని కూర్చుంది, గంగమ్మా గంగమ్మా అనడం తప్ప ఇంకోమాట లేదు.

ఆ వారమే నాన్న డబ్బు అప్పు తెచ్చి 30 జాకెట్లు కొన్నారు, నారింజరంగు థర్మోకోల్‌వి. డీజిల్ గుడ్డలో వడకట్టకుండా పొయ్యకూడదని, వేరే చిన్న ఇంజినొకటి పక్కనుండాలని పెట్టుకున్నారు. అంటే మీరన్నట్టు అప్పటిదాకా లేవు, తప్పే. నాన్న కూడా తప్పేనన్నారు.

కానీ ఒకటి. నాన్న 40 ఏళ్ళలో ఎన్ని ట్రిప్పులు తిప్పారో లెక్కలేదు గానీ మానేసిన ట్రిప్పుల లెక్క మామ్మ గోడమీద బొగ్గుతో గీసేది. మే నెలలో సెలవులకి జనం విరగబడి వస్తారు, సరిగ్గా అప్పుడే నైరుతి గాలికి సముద్రం లేస్తది. వేసవిలో పొద్దున్న 6 నించి 9 దాకానే బోటు, ఆ తర్వాత ఎంత డబ్బిచ్చినా లేదు. ఒక ట్రావెల్స్ ఏజెంట్ 40 మందిని తెచ్చి ఒకే ట్రిప్పులో తిప్పమని రెట్టింపు ఇస్తానన్నాడు, మామ్మ డబ్బా మూత పెట్టేసింది. ఆ ఏజెంట్ మళ్ళీ మాకు ఎవర్నీ పంపలేదు.

సేఫ్టీ_ముఖ్యం
నిజం చెప్పినందుకు థాంక్స్ అండీ. డబ్బా మూత పెట్టేసే మనిషి ప్రతి రేవులో ఒకరుండి ఉంటే బాగుండేది.

సీతమ్మధార_టీచర్
మా స్కూలు పిల్లల్ని రెండేళ్ళు వరసగా తీసుకొచ్చాను, 92, 93 అనుకుంటా. మీ నాన్నగారు ఇంజిను తగ్గించి మూడు కొండలు చూపించేవారు, రాస్ హిల్ మీద చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ, సముద్రం మీంచి వచ్చేవాళ్ళకి ముగ్గురు దేవుళ్ళూ ఒకేసారి కనిపిస్తారమ్మా అని. 71 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఆ దిక్కున అని చెయ్యి చూపిస్తే పిల్లలు నోరు మెదపలేదు. నేను క్లాసులో నెల చెప్పినా అంత ఎక్కదు. పోర్టు కట్టేటప్పుడు కెరటాల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్ళు నింపి ముంచారని కూడా నేను మొదట విన్నది ఆయన నోటే.

ఆయనకి బెంగాలీ వచ్చేది కదూ?

హార్బర్_గుంటడు
వచ్చేది టీచర్ గారూ! దసరాకి, డిసెంబర్‌కి అరకు చూడ్డానికొచ్చే బెంగాలీవాళ్ళే మాకు సగం బేరం. "ఆస్తే ఆస్తే" అంటూ చెయ్యిపట్టుకుని ఎక్కించేవారు. ఇప్పుడు కూడా నేను మెట్లు దిగుతుంటే అలాగే అంటారు.

భీమిలి_రేవు
మాది భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే దగ్గర మా మామయ్యవాళ్ళు కూడా చిన్నబోటు తిప్పేవాళ్ళు, మీ అంత పెద్దది కాదు. 2019 సెప్టెంబర్ 15 కచ్చులూరు తర్వాత రాష్ట్రమంతా షికారు బోట్లు ఆపేశారు కదా, అప్పుడు ఆపింది మళ్ళీ మొదలెట్టలేదు. నేను ఆ ఆర్డర్‌ని తప్పనను. అన్ని ప్రాణాలు పోయాక ఆపక ఏం చేస్తారు. కానీ మళ్ళీ తెరిచినప్పుడు కొత్త ఫైబర్ బోట్లు కొనగలిగినవాళ్ళే నిలబడ్డారు, మామయ్యలాంటివాళ్ళకి ఆ పెట్టుబడి ఎక్కడిది.

హార్బర్_గుంటడు
లీడ్స్ అన్నయ్య అడిగింది, భీమిలి బ్రదర్ రాసింది, రెండిటికీ కలిపి చెప్తా. మాది ఒక్కరోజులో ఆగిపోలేదు.

2002లో ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం పెట్టాక టూరిస్టులు అక్కడికే వెళ్ళడం మొదలెట్టారు, చేపల వాసనలో నడుచుకుంటూ జెట్టీ చివరిదాకా వచ్చేవాళ్ళు తగ్గారు. 2008 ముంబై దాడి తర్వాత సముద్రం మీద చెకింగ్‌లు, గుర్తింపు కార్డులు వచ్చాయి, అవి రావాల్సినవే, నాన్న ఏనాడూ వాటిని తిట్టలేదు. నేవీ డే ముందు, 2016లో నేవీ ఓడల ఫ్లీట్ రివ్యూ అప్పుడు రోజులతరబడి బోటు కదలదు. లైసెన్సు, ఫిట్‌నెస్ పనికి కాకినాడ పోర్టుల ఆఫీసుకి బస్సులో వెళ్ళొచ్చేవారు.

మామ్మ 2011లో పోయింది. డబ్బా మా అమ్మ పట్టుకుంది.

2014 అక్టోబర్ 12 హుద్‌హుద్. ముందురోజే నాన్న బోటుని హార్బర్‌లో లోపలికంటా తెచ్చి ఆరు మోకులు కట్టారు, మధ్యలో పాత టైర్లు వేశారు. ఐదు మోకులు తెగాయి. ఆరోది తెగలేదు గానీ పక్కబోటు వచ్చి ఒరుసుకుని ఎడమపక్క పలకలు మూడు పగిలిపోయాయి. తెల్లారి వెళ్తే హార్బర్ అంతా ఒకదానిమీద ఒకటెక్కిన బోట్లు, సగం మునిగినవి, మొగోళ్ళు ఏడుస్తున్నారు. నాన్న మా బోటు చుట్టూ ఒకసారి తిరిగి పగిలిన పలక మీద చెయ్యేసి అలా ఉండిపోయారు. తాళ్ళరేవు మేస్త్రి కొడుకు వచ్చి బాగుచేశాడు, అప్పు మాత్రం తీరలేదు. 2019లో ఆపమన్నప్పటికి బోటుకి 31 ఏళ్ళు. నాన్నే చిన్నాన్నతో అన్నారంట, ఈసారి ఫిట్‌నెస్‌కి పెట్టొద్దు, నేనే ఇన్‌స్పెక్టరైతే దీనికి సంతకం పెట్టను అని. తర్వాత కరోనా. 2021లో ఇంజిను అమ్మేసి బోటుని విప్పేశారు. నేను ఆ రోజు ఊళ్ళో లేను, హైదరాబాద్‌లో ఉద్యోగం, రమ్మని నాన్న చెప్పలేదు కూడా.

2023 నవంబర్‌లో హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగి 40 దాకా బోట్లు కాలిపోయినప్పుడు టీవీలో చూస్తూ, మన బోటు అప్పటికే లేకపోవడమే నయమైందిరా అన్నారు. కానీ టీవీ ముందు నించి రాత్రంతా లేవలేదు, ఆ కాలిపోయిన బోట్లవాళ్ళందరూ ఆయనకి తెలిసినవాళ్ళే.

మిగిలింది చుక్కాని చెక్క ఒకటి, డబ్బా, పిక్కలు.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్
గుంటడు గారూ ఒక్క నిముషం. మా అక్క చెన్నైలో ఉంటుంది, నిన్న రాత్రి ఈ కథంతా ఫోన్లో చెప్తే తన పెళ్ళికి ముందు ఆల్బమ్ వెతికి ఒక ఫొటో పంపింది. 1994 సంక్రాంతి సెలవులు. మేమే బోటు ముందు నిలబడ్డాం. వెనక బోటు పేరు సగం కనిపిస్తోంది, చివర్న చిన్న జెండా, మెట్ల పక్కన స్టూలు మీద మీ మామ్మగారు, మొహం కాస్త పక్కకి తిరిగుంది కానీ డబ్బా స్పష్టంగా ఉంది. పైన పెడుతున్నా చూడండి.

రిటైర్డ్_షిప్‌యార్డ్
ముందు భాగం ఎత్తు చూడండి. చెయ్యి తిరిగిన పని.

హార్బర్_గుంటడు
అండీ మీకు, మీ అక్కగారికి ఎలా చెప్పాలో తెలీట్లేదు. ప్రింటు తీయించి నాన్నకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. మామ్మని చూసి ఏడుస్తారేమో అని పక్కనే కూర్చున్నా. ఆయన జెండా మీద వేలు పెట్టి, "చూడు, సముద్రం వైపు ఎగురుతోంది, కొండగాలి. పొద్దున్న మొదటి ట్రిప్పు ఇది, ఏడు కూడా కాలేదు" అన్నారు. తర్వాత మామ్మ ఒళ్ళో డబ్బా చూసి ఇంకా మూత తియ్యలేదు, అంటే ఇంకా ఎవర్నీ ఎక్కించలేదు అన్నారు.

మీ అక్కగారికి ఆ రోజు టైము గుర్తుంటే అడిగి చెప్పండి, నాన్న వెయిట్ చేస్తున్నారు.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్
అడిగానండీ. ఐదున్నరకి లేపి తీసుకెళ్ళారట మా నాన్నగారు, పిక్కలైపోతాయని.